చేతులు వణుకుతుంటే సర్జరీ, డెంటల్ పని ఎలా నేర్చుకోవాలి? మొదటి నుంచి చివరిదాకా

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో హౌస్ సర్జన్సీ (ఎంబీబీఎస్ చివర్లో చేసే శిక్షణ) చేస్తున్న పిల్లలు, నిజామాబాద్, ఖమ్మం డెంటల్ కాలేజీల్లో చదువుతూ సెలవులకు హనుమకొండ వచ్చే పిల్లలు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. “సార్, సూది పట్టుకోంగనే చేతులు వణుకుతున్నయ్. నేను ఈ పనికి పనికొస్తనా?”

అస్సలు వణకని చెయ్యి ఎవరికీ లేదు. పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషి చెయ్యి కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా కదులుతూనే ఉంటుంది. మీకు పాఠం చెప్పే సీనియర్ సర్జన్ చేతికీ అది ఉంటుంది. ఆయన చేతిని ఎక్కడో ఒకచోట ఆనించి పనిచేస్తాడు కాబట్టి ఆ కదలిక సూది మొన దాకా రాదు. మీరు నేర్చుకోవాల్సింది కూడా అదే. కింద చెప్పిన వరుసలోనే చేయండి, మధ్యలోవి దాటేయకండి.

## 1. ముందు ఏ రకం వణుకో తేల్చుకోండి

సాధన మొదలుపెట్టే ముందు ఇంట్లో చిన్న పరీక్ష చేసుకోండి.

- రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు విడదీసి, వాటి మీద ఒక తెల్ల కాగితం పెట్టండి. కాగితం అంచు ఎంత కదులుతోందో చూడండి.
- చేతులు ఒడిలో వదిలేసి కూర్చోండి. అప్పుడు కూడా వణుకుతున్నాయా?
- కాగితం మీద లోపలి నుంచి బయటికి చుట్లు చుట్టుకుంటూ ఒక సుడి గీయండి. మణికట్టు బల్లకు ఆనించకుండా ఒకసారి, ఆనించి ఒకసారి. రెండింటి మీదా తేదీ వేసి దాచండి.
- ఒంటరిగా ఉన్నప్పుడు గ్లాసుతో నీళ్లు పోస్తే వణుకుతోందా, ఎవరైనా చూస్తున్నప్పుడేనా?

ఎవరైనా చూస్తున్నప్పుడు, నిద్ర చాలనప్పుడు, ఆకలి మీద ఉన్నప్పుడు మాత్రమే వస్తుంటే అది మామూలు వణుకే, టెన్షన్‌తో పెరిగింది. ఎక్కువ మంది విద్యార్థులది ఇదే.

కింది వాటిలో ఒక్కటి ఉన్నా ముందు ఫిజీషియన్‌కు చూపించండి:

- బాగా తింటున్నా బరువు తగ్గడం, గుండె దడ, ఉక్క తట్టుకోలేకపోవడం. థైరాయిడ్ ఎక్కువైతే వేళ్లు సన్నగా వణుకుతాయి. టీఎస్‌హెచ్ రక్తపరీక్షతో తెలిసిపోతుంది.
- పనేమీ చేయకుండా ఒడిలో పెట్టుకున్న చెయ్యి వణకడం, లేదా ఒక్క చెయ్యే వణకడం.
- వణుకుతో పాటు మాట ముద్దగా రావడం, నడక తూలడం, ఎప్పుడో కామెర్లు వచ్చి ఉండటం. చిన్న వయసులో ఇలా ఉంటే విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) కాదని తేల్చుకోవాలి. దానికి మందులున్నాయి, ఆలస్యం చేస్తేనే నష్టం.
- నాన్నకో, మేనమామకో, తాతకో కూడా చేతులు వణకడం, మీకు టీ కప్పు ఎత్తినా, సంతకం పెట్టినా ఏళ్లుగా వణుకు ఉండటం. దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. కుటుంబాల్లో నడుస్తుంది.

మీరు వాడే మందులు కూడా చూసుకోండి. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్, బైపోలార్ జబ్బుకు వాడే లిథియం, డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు వణుకు తెస్తాయి. మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌ను అడగండి.

## 2. ముందురోజు రాత్రి, ఆ ఉదయం

వణుకు తగ్గించే మందు కోసం వెతికేవాళ్లు చాలామంది టిఫిన్ తినకుండా పోస్టింగ్‌కు వస్తారు. రాత్రి రెండింటి దాకా మేలుకొని, లేవగానే ఒక స్ట్రాంగ్ టీ, గేటు దగ్గర ఇంకో టీ తాగి వచ్చి థియేటర్‌లో నిలబడితే ఎవరి చెయ్యైనా వణుకుతుంది.

- నిద్ర: పని ఉన్న రోజుకు ముందు రాత్రి 7 గంటలు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పొద్దున కొత్త పని మొదటిసారి చేయబోకండి. సీనియర్‌కు చెప్పి చూసి నేర్చుకోండి.
- తిండి: ఇడ్లీ, ఉప్మా, మిగిలిన సర్వపిండి ముక్క, ఏదైనా సరే, కడుపులో పడాలి. చక్కెర తగ్గితే మొదట తెలిసేది వేళ్లకే.
- టీ, కాఫీ: రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది. పోస్టింగ్ మొదలయ్యే వారం పది రోజుల ముందు నుంచే కొద్దికొద్దిగా తగ్గించండి. తాగిన టీ అరగంట నుంచి గంటలో బాగా పనిచేస్తుంది, సగం దిగడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. ఎనర్జీ డ్రింకుల జోలికి పోవద్దు.
- నీళ్లు: ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండకు బస్సు దిగి వార్డుకు వచ్చేసరికే ఒళ్లు ఆరిపోతుంది. వచ్చాక కూర్చుని నీళ్లు తాగి, పది నిమిషాలు ఆగి చేతులు కడగండి.
- జిమ్: ముంజేతులకు బరువైన వ్యాయామం చేసిన కొన్ని గంటల పాటు వణుకు ఎక్కువగా ఉంటుంది. సాయంత్రానికి మార్చుకోండి.
- సిగరెట్ కూడా వణుకు పెంచుతుంది. “తాగితే నిమ్మళంగ ఉంటది” అనిపించడం నిజమే, కానీ ఆ నిమ్మళం అలవాటు తెచ్చిన ఇబ్బంది తీరడం వల్ల వచ్చింది.

## 3. కూర్చునే తీరు, నిలబడే తీరు

చెయ్యి వణుకుతోందని వచ్చిన పిల్లల్లో నేను మొదట చూసేది భుజాలే. భుజాలు చెవుల దాకా లేచి, మోచేతులు రెక్కల్లా బయటికి వచ్చి ఉంటే ఆ బరువంతా మోస్తున్నది చిన్న కండరాలే. అవి అలిసిపోయి వణుకుతాయి.

డెంటల్ వాళ్లు:

- పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. స్టూల్ ఎత్తు ముందు సరిచేసి, తర్వాత పేషెంట్ చైర్ ఎత్తు సరిచేయండి.
- పేషెంట్ నోరు మీ మోచేతి ఎత్తులో ఉండాలి.
- పేషెంట్ తలను గడియారం మధ్యలా, తల వెనక చోటును 12గా అనుకుంటే, కుడిచేతి వాటం ఉన్నవాళ్లు 8 నుంచి 12 మధ్య చోట్లలో కూర్చుంటారు. కనపడకపోతే మెడ వంచకండి, చోటు మార్చండి, లేదా పేషెంట్ తల తిప్పించండి.
- పై పళ్ల వెనక భాగాలు మౌత్ మిర్రర్‌లో చూసే చేయాలి. అద్దంలో చూసి పనిచేయడం రాక వంగిపోవడం వల్లే వణుకు పెరిగిన వాళ్లు చాలామంది.

సర్జరీ వాళ్లు: టేబుల్ మీ మోచేతి ఎత్తుకు సమంగా, లేదా కాస్త కిందగా ఉండాలి. పొట్టిగా ఉన్నవాళ్లు మొహమాటపడకుండా ఫుట్ స్టెప్ అడగండి. మోచేతులు ఒంటికి దగ్గరగా. చిన్న గాయానికి కుట్లు వేసేటప్పుడు స్టూల్ దొరికితే కూర్చునే వేయండి.

## 4. ఫింగర్ రెస్ట్: అన్నింటికంటే ముఖ్యమైనది

క్యారమ్స్ ఆడేటప్పుడు మిగతా వేళ్లు బోర్డుకు ఆనించి ఒక్క వేలితో స్ట్రైకర్ కొడతారు చూడండి, ఇక్కడా పద్ధతి అదే. చెయ్యి గాల్లో ఉంటే భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు, అన్నింటి కదలికా కలిసి పనిముట్టు మొనకు చేరుతుంది. ఒక వేలు గట్టిదాని మీద ఆనిస్తే ఆ వేలికి ముందున్న చిన్న భాగం కదలికే మిగులుతుంది.

డెంటల్ పనిలో వరుస ఇలా ఉండాలి:

1. బొటనవేలు, చూపుడు వేలు పనిముట్టు మీద ఎదురెదురుగా. నడి వేలు పక్క భాగం పనిముట్టు మెడకు ఆనాలి. ఇది పెన్ను పట్టుకునే తీరుకు కొంచెం మార్పు మాత్రమే.
2. ఉంగరపు వేలును అదే వరుసలోని గట్టి పంటి మీద పెట్టండి. పనిచేసే పంటికి ఒకటి రెండు పళ్ల దూరం చాలు.
3. కదులుతున్న పంటి మీద, పెదవి మీద, బుగ్గ మీద రెస్ట్ తీసుకోకండి. అవి కదిలితే మీ చెయ్యీ కదులుతుంది.
4. దగ్గర్లో పళ్లు లేకపోతే గడ్డం ఎముక మీద, లేదా రెండో చేతి వేలి మీద రెస్ట్ తీసుకోండి.
5. రెస్ట్ కుదిరాకే బర్‌ను (పంటిని తొలిచే తిరిగే మొనను) పంటి దగ్గరికి తెచ్చి ఫుట్ పెడల్ తొక్కండి. పూర్తి వేగం అందుకున్నాకే పంటికి తాకించండి.
6. తీసేటప్పుడు బర్ తిరుగుతుండగానే పంటి మీంచి ఎత్తండి. ఆగిపోయాక నోట్లోంచి బయటికి తీయండి.

బర్‌ను తిప్పే ఎయిర్‌రోటర్ నిమిషానికి 3, 4 లక్షల చుట్లు తిరుగుతుంది. నొక్కాల్సిన పని లేదు, కుంచెతో రాసినట్టు తేలిగ్గా పోనిస్తే చాలు. నొక్కేకొద్దీ వేళ్లు బిగుసుకుంటాయి, బిగుసుకున్నకొద్దీ వణుకుతాయి. పనిముట్టు పట్టుకున్న చూపుడు వేలి గోరు తెల్లబడిందంటే పట్టు ఎక్కువైనట్టే.

ఫాంటమ్ హెడ్ (సాధనకు వాడే బొమ్మ తల) మీద రెస్ట్ లేకుండా పని నడిచిపోతుంది. చాలామంది అక్కడే పాడవుతారు, ప్లాస్టిక్ పన్ను అరవదు కదా అని. ఆ అలవాటుతో మూడో సంవత్సరం క్లినిక్స్‌కు వస్తే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. టైపోడాంట్‌ను (ప్లాస్టిక్ పళ్ల నమూనాను) చేత్తో పట్టుకొని కాకుండా, ఫాంటమ్ హెడ్‌కు బిగించి, నోరు తెరుచుకునేంత మేరలోనే పని చేయండి.

## 5. ఇంజెక్షన్, క్యాన్యులా

వణుకు ఎక్కువగా బయటపడేది ఇక్కడే. పేషెంట్ కళ్లు మీ చేతి మీదే ఉంటాయి మరి.

కింది దవడ బ్లాక్ (దవడ మొద్దుబారే ఇంజెక్షన్) ఇచ్చేటప్పుడు:

- మందు ముందే, పేషెంట్‌కు కనపడని చోట సిరంజిలోకి తీసుకోండి. మందు పేరు, మోతాదు సీనియర్‌కు చూపించండి.
- ఎడమచేతి బొటనవేలితో దవడ ఎముక అంచు గుర్తుపట్టి, బుగ్గను పక్కకు లాగి పట్టుకోండి. ఆ బొటనవేలే మీకు గుర్తు, ఆసరా కూడా.
- సిరంజి ఎదురువైపు ప్రీమోలార్ పళ్ల (కోరపన్ను వెనక ఉండే రెండు పళ్ల) మీదుగా రావాలి. చిటికెన వేలు గడ్డానికి ఆనించండి.
- లోపలికి పోయాక వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసి, నిదానంగా మందు ఎక్కించండి. 1 మిల్లీలీటరుకు ఒక నిమిషం. ఆ నిమిషంలో మీ చెయ్యి కూడా కుదుటపడుతుంది.
- వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టకండి. మూతను ట్రేలో ఉంచి, ఒక్క చేత్తో సూదిని అందులోకి దూర్చండి.

పొరపాటున గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు అవసరమైతే గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటకూడదు. తిడతారని దాచిపెట్టే పిల్లలు ఉన్నారు. దయచేసి దాచకండి.

క్యాన్యులాకు (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం): పేషెంట్ చేతి కింద దిండు పెట్టండి. మంచం పక్కన వంగి నిలబడటం కంటే స్టూల్ మీద కూర్చోవడం మేలు. మీ అరచేతి చిటికెన వేలి వైపు అంచు పేషెంట్ ముంజేతికి ఆనాలి. ఎడమ బొటనవేలితో చర్మం లాగి బిగించాక సూది గుచ్చండి.

## 6. కుట్లు

- సూదిని మొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, నీడిల్ హోల్డర్ (సూదిని పట్టే పనిముట్టు) చివరి భాగంతో పట్టుకోండి.
- బొటనవేలు, ఉంగరపు వేలు రింగుల్లోకి మొదటి గీత దాకానే పోవాలి. చూపుడు వేలు హోల్డర్ కాడ పొడవునా చాపండి. ఆ చూపుడు వేలు పెట్టకపోవడమే సగం వణుకుకు కారణం.
- చర్మంలోకి నిటారుగా దించి, మణికట్టు తిప్పుతూ సూది వంపు వెంట పోనివ్వండి. తోయకండి.
- అరచేతి అంచు డ్రేప్ (గాయం చుట్టూ పరిచే గుడ్డ) మీద ఆనించండి.
- దారం కత్తిరించేటప్పుడు కత్తెరను ఎడమ చేతి వేళ్ల మీద ఆనించి కత్తిరించండి.

లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్‌లో) జూనియర్లకు ముందుగా ఇచ్చేది కెమెరా పట్టుకునే పని. పొడవైన కాడ, పైగా స్క్రీన్ మీద పెద్దగా కనపడటం, రెండూ కలిసి చిన్న వణుకును పెద్దది చేస్తాయి. రెండు చేతులతో పట్టుకోండి, మోచెయ్యి నడుముకు ఆనించండి, కాళ్లు కొంచెం దూరంగా పెట్టండి.

## 7. హాస్టల్ గదిలో సాధన

రోజుకు 15, 20 నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. ఒక మెట్టు సులువయ్యాకే తర్వాతది.

1. ముళ్లు వేయడం. మంచం కమ్మీకి మందమైన దారం కట్టి రెండు చేతుల ముడి, తర్వాత ఒంటి చేతి ముడి. చూడకుండా వేయగలిగే దాకా.
2. చాక్‌పీస్, సబ్బు, వాక్స్ బ్లాక్ చెక్కడం. బీడీఎస్ మొదటి ఏడాది వాక్స్ కార్వింగ్‌ను మార్కుల పనిలా చూడకండి. ఉంగరపు వేలు బ్లాక్ మీద ఆనించడం అక్కడే అలవడాలి.
3. అరటిపండు. 15 నంబరు బ్లేడుతో తొక్క మాత్రమే కోయాలి, గుజ్జుకు గీత పడకూడదు. తర్వాత తొక్కకు కుట్లు.
4. తోలుతో ఉన్న కోడి కాలు. చికెన్ సెంటర్‌లో స్కిన్‌లెస్ కాకుండా తోలుతో ఇవ్వమని అడగండి. గ్లౌజులు వేసుకొని చేయండి, తర్వాత చేతులు సబ్బుతో కడగండి.
5. ఇదే పని ఫ్రెండ్ చూస్తుండగా, ప్రశ్నలు అడుగుతుండగా. టెన్షన్ వణుకు ఉన్నవాళ్లకు ఈ మెట్టు తప్పనిసరి.
6. కాలేజీ స్కిల్ ల్యాబ్‌లో, స్టాఫ్ చూస్తుండగా.

నీడిల్ హోల్డర్, టూత్డ్ ఫోర్సెప్స్ (మొనకు పళ్లున్న పట్టకారు), కత్తెర ఎంజీఎం చుట్టుపక్కల సర్జికల్ దుకాణాల్లో దొరుకుతాయి. బిగువు సరిగా ఉన్నవి చూసి కొనండి. వాడిన బ్లేడ్లు, సూదులు హాస్టల్ చెత్తబుట్టలో వేయకండి, ఊడ్చే అక్కలకు గుచ్చుకుంటాయి. గట్టి డబ్బాలో వేసి కాలేజీలో షార్ప్స్ కంటైనర్‌కు చేర్చండి.

వారానికోసారి ఫోన్‌తో మీ చేతులు మాత్రమే కనపడేలా వీడియో తీసుకోండి. రెస్ట్ ఎక్కడ వదిలేస్తున్నారో తెలుస్తుంది.

## 8. మొదటి పేషెంట్ రోజు

భూపాలపల్లి నుంచో, ములుగు నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన పెద్దావిడ మీ ముందు కూర్చుంటుంది. “బిడ్డా, చెయ్యి వణుకుతాంది, కొత్తనా?” అని అడుగుతుంది. అబద్ధం చెప్పకండి. “కొత్తనే అమ్మా. సార్ పక్కనే ఉన్నడు. నిదానంగ చేస్త. నొస్తే ఎడమ చెయ్యి లేపు” అనండి. ఒప్పుకోకపోతే ఆ మాటకు విలువిచ్చి సీనియర్‌కు అప్పగించండి. అది ఆమె హక్కు.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

- సీనియర్ పక్కనే ఉన్నారా
- వరుస అంతా ఒకసారి పైకి చెప్పుకున్నానా
- ట్రేలో అన్నీ ఉన్నాయా
- గ్లౌజులు సరైన సైజేనా (వేళ్ల చివర ముడతలు పడకూడదు, అరచేయి పట్టేసినట్టూ ఉండకూడదు)
- లైటు సరిగా పడుతోందా
- చెయ్యి ఎక్కడ ఆనించాలో ముందే అనుకున్నానా

మధ్యలో వణుకు మొదలైతే:

1. ఉలిక్కిపడి లాగకండి. సూది లోపల ఉంటే వచ్చిన దారిలోనే నిదానంగా తీయండి. బర్ అయితే పంటి మీంచి ఎత్తి, అప్పుడు పెడల్ వదలండి.
2. చెయ్యి ట్రే మీదో, డ్రేప్ మీదో పూర్తిగా ఆనించండి.
3. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నాలుగైదు సార్లు.
4. భుజాలు దించండి, పట్టు వదులు చేయండి.
5. రెస్ట్ మళ్లీ తీసుకొని, ఊపిరి వదులుతూ మొదలుపెట్టండి.
6. రెండోసారి కూడా కుదరకపోతే “సార్, మీరు ఒకసారి చూడండి” అని ఇచ్చేయండి. సగంలో ఇచ్చేసిన విద్యార్థిని నేనెప్పుడూ తక్కువగా చూడలేదు. ఇవ్వకుండా మొండిగా చేసేవాళ్ల గురించే నాకు భయం.

## 9. ప్రొప్రనలాల్ మాత్ర సంగతి

హాస్టళ్లలో ఒకరి స్ట్రిప్ ఇంకొకరికి చేరుతూ ఉంటుంది. ఈ మాత్ర వణుకు, దడ తగ్గిస్తుందన్నది నిజం. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇదే మాత్ర ప్రాణం మీదికి తెస్తుంది. నాడి నెమ్మదిగా ఉన్నవాళ్లకు, బీపీ తక్కువున్నవాళ్లకు కళ్లు తిరుగుతాయి. షుగర్‌కు మందులు వాడేవాళ్లలో చక్కెర పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు కనపడకుండా చేస్తుంది.

డాక్టర్ చూసి, నాడి, బీపీ చూసి, ఛాతీ విని రాస్తేనే వేసుకోండి. రాసినా మొదటి మాత్ర పని లేని రోజున ఇంట్లో వేసుకొని ఒళ్లు ఎలా ఉందో చూడండి. రోజూ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు. నిద్రమాత్రలు, మద్యం తాగడం ఈ పనికి అస్సలు దారి కావు. పేషెంట్ మీద చెయ్యి వేసేవాళ్లు ఆ ఆలోచనే పెట్టుకోకూడదు.

## 10. ఎక్కువగా కనిపించే పొరపాట్లు, సరిచేసుకునే తీరు

చెయ్యినే చూస్తూ ఉండటం. చూపు పనిముట్టు మొన మీద, కోయాల్సిన గీత మీద ఉండాలి.

త్వరగా ముగించేద్దామనుకోవడం. వేగం పెంచితే రెస్ట్ పోతుంది. ముందు సరిగ్గా చేయండి, వేగం తర్వాత వస్తుంది.

మొదటి రోజే లూప్స్ కొనడం. రెండున్నర రెట్లు పెద్దగా చూపే అద్దాల్లో మీ వణుకూ అంతే పెద్దగా కనపడి భయం పెరుగుతుంది. రెస్ట్ అలవాటయ్యాక వాడితే బాగా ఉపయోగపడతాయి, మెడ కూడా నిలబెడతాయి.

ఊపిరి బిగపట్టడం. కుట్టు వేసేంతసేపు బిగపడితే కుట్టు అయ్యాక చెయ్యి ఇంకా వణుకుతుంది. నోటితో మెల్లగా వదులుతూ చేయండి.

ప్రాక్టికల్స్ ముందురోజే గట్టిగా సాధన చేయడం. వేళ్లు అలిసిపోతాయి. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ప్రాక్టికల్స్ ముందురోజు పనిముట్లు సర్దుకోండి, వరుస చదువుకోండి, పడుకోండి.

## 11. ఇన్ని చేసినా తగ్గకపోతే

రెండు మూడు నెలలు వరుసగా సాధన చేసి, మొదట దాచిన సుడి బొమ్మ పక్కన కొత్తది గీసి చూడండి. చెయ్యి ఆనించి గీసింది బాగుపడితే పద్ధతి పనిచేస్తున్నట్టే, కొనసాగించండి. ఆనించినా గీత వంకర్లు పోతుంటే న్యూరాలజిస్ట్‌ను కలవండి, రెండు కాగితాలూ వెంట తీసుకెళ్లండి.

వణుకు భయం చదువునే ఆపేస్తుంటే, పోస్టింగ్ ఎగ్గొట్టే దాకా వస్తే, సైకియాట్రీ విభాగంలో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే ఫోన్ చేయొచ్చు.

ఎసెన్షియల్ ట్రెమర్ అని తేలినా మందులతో, ఆసరాతో పనిచేసుకునేవాళ్లు ఉన్నారు. పీజీ బ్రాంచ్ ఎంచుకునే ముందు మీ న్యూరాలజిస్ట్‌తో, మిమ్మల్ని థియేటర్‌లో చూసిన ప్రొఫెసర్‌తో విడివిడిగా మాట్లాడండి. మైక్రోస్కోప్ కింద చేసే కంటి, నరాల సర్జరీలకు, మిగతా సర్జరీలకు కావాల్సిన చేతి నిలకడ ఒకటి కాదు. ఆ ఆపరేషన్లు కొన్ని పక్కనుండి చూసి, అనుమతిస్తే అసిస్ట్ చేసి, ఆ తర్వాతే కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టండి.